కప్పు తెచ్చిన కొనుగోళ్లు, క్లబ్బును ముంచిన బకాయిలు

హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు ఎత్తితే చాలు, రెండు రకాల మాటలు వినిపిస్తాయి. “హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడండీ, అందుకే క్లబ్బు పోయింది” అనేది ఒకటి. కాస్త ఆట తెలిసినవాళ్ళు అనేది ఇంకోటి: “ఉన్న మంచి ఆటగాళ్లను ఒక్కొక్కరినే అమ్ముకున్నారు, ఇక పోక ఏం చేస్తుంది?” నా లెక్కలో ఈ రెండూ తప్పే. మొదటిది చెప్పేవాళ్ళకు ఈ ఊరి ఫుట్‌బాల్ చరిత్ర తెలియదు, దాని సంగతి తర్వాత చూద్దాం. రెండోదాని గురించి మాత్రం నిదానంగా మాట్లాడుకోవాలి. అందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే అసలు కారణాన్ని కప్పేస్తోంది.

2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు ఎత్తిన జట్టు ఇది. 2023-24 సీజన్‌లో అదే జట్టు 22 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. 2025 వచ్చేసరికి ఊరు మారింది, పేరు మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. చాంపియన్ అయి నాలుగేళ్లు కూడా నిండకముందే ఒక క్లబ్బు తన ఊరికే లేకుండా పోవడం మామూలు విషయం కాదు. ఇంత వేగంగా ఒక జట్టు కూలితే ఆటగాళ్ల ఎంపికలోనే ఏదో పెద్ద పొరపాటు జరిగి ఉంటుందని అనిపించడం సహజం. కానీ ఆ నాలుగేళ్ల కొనుగోళ్లను, అమ్మకాలను వరసపెట్టి చూస్తే నాకు కనిపించేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆటగాళ్లను పట్టుకోవడంలో, అమ్మడంలో, అమ్మినవాడి చోటు నింపడంలో ఈ క్లబ్బు భారతదేశంలో అందరికంటే తెలివిగా పనిచేసింది. దెబ్బ తిన్నది జీతాల దగ్గర.

మొదటి ఏడాది నుంచి మొదలుపెడదాం. పుణె సిటీ మూతపడ్డాక ఆ చోటులో 2019లో హైదరాబాద్ వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు, సహ యజమానిగా దగ్గుబాటి రానా. ఫిల్ బ్రౌన్ అనే ఇంగ్లండ్ కోచ్‌ను తెచ్చారు. జట్టులో పుణె నుంచి వచ్చినవాళ్ళు కొందరు, పేరున్న విదేశీయులు కొందరు. మార్సెలీన్యో, బోబో, గైల్స్ బార్న్స్, కిల్‌గాలన్... కాగితం మీద చూస్తే ఫర్వాలేదనిపించే పేర్లే. తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0తో చిత్తయ్యారు. గచ్చిబౌలిలో తొలి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించినప్పుడు ఊరంతా సంబరపడింది గానీ, ఆ తర్వాత నెలల తరబడి గెలుపే లేదు. సీజన్ మొత్తం మీద 18 మ్యాచ్‌లలో రెండు గెలుపులు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం. బ్రౌన్‌ను జనవరిలో పంపించేశారు.

పేరు చూసి, వయసు చూడకుండా, ఎవరు దొరికితే వాళ్ళను కొంటే ఏమవుతుందో ఆ ఏడాది చూపించింది. నిజానికి భారత ఫుట్‌బాల్‌లో చాలా క్లబ్బులు ఇప్పటికీ చేసేది అదే. యూరప్‌లో ఒకప్పుడు ఆడిన ముప్పై నాలుగేళ్ల ఆటగాడి ఫొటో పెట్టి అభిమానులతో చప్పట్లు కొట్టించుకుంటారు. డిసెంబరు వచ్చేసరికి అతని తొడ కండరం పట్టేస్తుంది.

తర్వాతి ఏడాది క్లబ్బు ఆలోచనే మారిపోయింది. కోచ్‌గా కుదిరిన ఆల్బర్ట్ రోకా, సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలుపు రావడంతో వెళ్ళిపోయాడు. ఆయన చోటులోకి 2020 ఆగస్టులో మనోలో మార్కేజ్ వచ్చాడు. స్పెయిన్‌లో లాస్ పాల్మాస్‌కు కోచ్‌గా చేసినవాడే అయినా ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలియని మనిషి. అదే ఏడాది జర్మనీ క్లబ్బు బొరుస్సియా డోర్ట్‌మండ్‌తో భాగస్వామ్యం కుదిరింది. పత్రికల్లో హెడ్డింగులు దానికే వచ్చాయి. నాకు మాత్రం ఆ ఏడాది నమ్ముకున్న కుర్రాళ్లే ముఖ్యం. కుర్రాళ్ల కోసం జాతీయ సమాఖ్య నడిపిన ఇండియన్ యారోస్ జట్టు నుంచి ఆకాశ్ మిశ్రా, రోహిత్ దానూ. అంతకుముందు జనవరిలో గోవా నుంచి లిస్టన్ కొలాసో. రైట్ బ్యాక్‌లో ఆశిష్ రాయ్. నడిమి మైదానంలో హితేశ్ శర్మ, మహమ్మద్ యాసిర్. అందరూ ఇరవై అటూ ఇటూ ఉన్నవాళ్ళే. వాళ్ళ వెనక అనుభవానికి చింగ్లెన్‌సనా సింగ్, గోల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి. విదేశీయుల్లో జావో విక్టర్, అరిదానె సంతానా లాంటి కష్టపడే మనుషులు. ఆ సీజన్‌లో 20 మ్యాచ్‌లలో ఓడింది మూడే. 29 పాయింట్లతో అయిదో స్థానం. ఆఖరి రోజు గోవాతో 0-0 దగ్గర ఆగిపోయి సెమీస్ బెర్తు చేజారింది.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పాలి, అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. 2021-22 నుంచి ఐఎస్‌ఎల్‌లో మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులనే ఆడించాలన్నారు. అంతకుముందు అయిదుగురు ఉండేవాళ్ళు. అంటే పదకొండు మందిలో ఏడుగురు మనవాళ్ళే ఉండాలి. దీంతో లెక్క మొత్తం తలకిందులైంది. అప్పటిదాకా మంచి విదేశీ స్ట్రైకర్, మంచి విదేశీ డిఫెండర్ ఉంటే టైటిల్ పోటీలో ఉన్నట్టే. ఇప్పుడు నీ లెఫ్ట్ బ్యాక్ ఎవరు, నీ రైట్ బ్యాక్ ఎవరు, నీ నడిమి మైదానంలో పరుగెత్తే భారతీయుడు ఎవరు అన్నదే ప్రశ్న. ముంబయి సిటీ వెనక అప్పట్లో సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ ఉండేది, కోల్‌కతాలో మోహన్ బగాన్ వెనక ఆర్‌పీఎస్‌జీ డబ్బు ఉంది, బెంగళూరు వెనక జేఎస్‌డబ్ల్యూ ఉంది. వాళ్ళు పేరొచ్చిన భారతీయులను కొనగలరు. హైదరాబాద్ కొనలేదు. కాబట్టి పేరు రాకముందే పట్టుకోవాలి. ఆ పని ఏడాది ముందే మొదలుపెట్టింది. నియమం మారాక తయారైన జట్టు కాదు ఇది, నియమం మారే నాటికే తయారుగా ఉన్న జట్టు.

అప్పుడే లిస్టన్‌ను ఏటీకే మోహన్ బగాన్‌కు (మోహన్ బగాన్ పేరు అప్పట్లో అది) అమ్మారు. కోటి రూపాయల దాకా పలికిందని, భారతీయ ఆటగాళ్ల బదిలీల్లో అప్పటికి అదే రికార్డు అని పత్రికలు రాశాయి. అభిమానులు గగ్గోలు పెట్టారు. టైటిల్ గెలవాలనుకునే క్లబ్బు తన బెస్ట్ కుర్రాణ్ని పోటీదారుకే అమ్ముతుందా అన్నారు. ఆ కోపం నాకూ అర్థమవుతుంది. లిస్టన్ ఎడమ పక్కనుంచి బంతి తీసుకుని లోపలికి దూసుకొస్తుంటే కుర్చీలో కూర్చుని చూడలేం. వెళ్ళిన ఏడాదే అక్కడ 8 గోల్స్ కొట్టాడు కూడా.

అయినా ఆ అమ్మకం సరైనదే. డబ్బు చేతికొచ్చింది. ఆ వేసవిలో క్లబ్బు కొత్త లిస్టన్ కోసం వెతకలేదు, ఆట తీరే మార్చింది. ముంబయి నుంచి బార్తలోమ్యు ఓగ్బెచేను తెచ్చింది. 2002 ప్రపంచకప్‌లో నైజీరియాకు ఆడిన మనిషి, అప్పటికి వయసు ముప్పై ఆరు. ముందు నేను చెప్పిన దానికి ఇది విరుద్ధంగా అనిపించవచ్చు. తేడా ఒక్కటే. ఓగ్బెచే అప్పటికే ఐఎస్‌ఎల్‌లో మూడు క్లబ్బులకు ఆడి, ప్రతిచోటా గోల్స్ కొట్టినవాడు. అతను ఈ వాతావరణంలో ఏం చేయగలడో, ఏం చేయలేడో లెక్క తెలుసు. పరుగెత్తడం పక్కనున్న కుర్రాళ్ల పని, పెనాల్టీ బాక్సులో నిలబడడం అతని పని. ఆ సీజన్‌లో 18 గోల్స్, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్. డిఫెన్స్‌లోకి బెంగళూరు నుంచి జువానన్, ముందు వరుసలోకి యువకుడైన హావియర్ సివేరియో, జంషెడ్‌పూర్ నుంచి అనికేత్ జాధవ్. ఇందులో ఒక్క పేరూ పోస్టర్ మీద పెద్దక్షరాలతో వేసేది కాదు. ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఖాళీకి సరిగ్గా సరిపోయేది.

సెమీఫైనల్లో ఎదురైంది ఎవరనుకున్నారు? లిస్టన్ ఆడుతున్న ఏటీకే మోహన్ బగానే. తొలి మ్యాచ్‌లో రాయ్ కృష్ణ గోల్‌తో వెనకబడి కూడా ఓగ్బెచే, యాసిర్, సివేరియో గోల్స్‌తో 3-1తో గెలిచారు. రెండోది 1-0తో పోయినా మొత్తం మీద 3-2తో ఫైనల్‌కు చేరారు. అమ్మినవాడి జట్టునే, అమ్మగా వచ్చిన ధైర్యంతో కట్టిన జట్టు ఓడించింది. అమ్ముకుంటే టైటిల్ రాదనేవాళ్ళు ఈ ఒక్క స్కోరు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక ఫైనల్. మార్గావ్ ఫటోర్డా మైదానం, కేరళ బ్లాస్టర్స్ ప్రత్యర్థి. స్టాండ్స్ నిండా కేరళ అభిమానులే, అంతా పసుపు. కానీ లీగ్ పట్టికలో పైన ఉన్న జట్టు కాబట్టి పసుపు జెర్సీ హక్కు హైదరాబాద్‌ది, కేరళ నల్ల జెర్సీలో దిగింది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. 2019లో గచ్చిబౌలిలో మన తొలి మ్యాచ్‌లో కేరళకు గోల్ కొట్టింది కూడా ఇతనే. మరో ఇరవై నిమిషాలు గడిచాయి. టీవీ ముందు ఇక ఆశ వదిలేసే సమయం. 88వ నిమిషంలో కేరళ డిఫెన్స్ తలతో బయటికి కొట్టిన బంతి పెనాల్టీ బాక్సు అవతల సాహిల్ తవోరా ముందు దిగుతోంది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కుర్రాడు. ఆపి చూసుకోలేదు, కింద పడనివ్వలేదు, గాలిలో ఉండగానే తన్నాడు. గోల్‌కీపర్ గిల్ పూర్తిగా ఒళ్ళు చాచి దూకినా అందలేదు. 1-1.

షూటౌట్ కట్టిమణిది. గోవా మనిషి, అప్పటికి ముప్పై దాటినవాడు. 2015లో ఇదే ఫటోర్డాలో, ఇదే ఫైనల్లో గోవా గోల్‌కీపర్‌గా ఉన్నాడు. 90వ నిమిషంలో బంతి అతని వల్లే తన సొంత గోల్‌లోకి వెళ్ళింది, మరో రెండు మూడు నిమిషాల్లో చెన్నయిన్ ఇంకో గోల్ కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. ఆ రాత్రి తర్వాత ఎంతమంది గోల్‌కీపర్లు నిలదొక్కుకుంటారు? హైదరాబాద్ అతన్ని తెచ్చుకుంది, నమ్మింది, ఫైనల్లో నిలబెట్టింది. లెస్కోవిచ్ కొట్టింది ఆపాడు. నిషూ కుమార్ కొట్టింది ఆపాడు, ముందుకొచ్చాడని రిఫరీ మళ్ళీ కొట్టమంటే మళ్ళీ ఆపాడు. జీక్సన్ సింగ్ కొట్టింది ఆపాడు. హాలిచరణ్ నర్జరీ ఆఖరి కిక్ లోపలేశాడు, 3-1. మంచి స్కౌటింగ్ అంటే ఇరవై ఏళ్ల కుర్రాణ్ని కనిపెట్టడమే అనుకుంటాం. అందరూ ముగిసిపోయాడనుకున్న మనిషిలో ఇంకా ఆట మిగిలి ఉందని కనిపెట్టడం దానికంటే కష్టం.

కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. అంటే కప్పు తెచ్చిన జట్టు ఆ కప్పు తెచ్చే దారిలో మన ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. చాంపియన్లను గచ్చిబౌలిలో కళ్ళారా చూసింది 2022 అక్టోబరులోనే. అది అథ్లెటిక్స్ స్టేడియం, స్టాండ్‌కూ గడ్డికీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది, ఆటగాళ్లు దూరంగా చిన్నగా కనిపిస్తారు. అయినా క్లబ్బు అభిమానుల బృందం డెక్కన్ లీజియన్ వాళ్ళు డప్పులు పట్టుకుని ఒక మూల చేసే సందడికి ఆ దూరం తెలిసేది కాదు. నేను వెళ్ళిన రోజున నా ముందు వరుసలో ఒక తండ్రి పదేళ్ల కూతురికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నీళ్ల సీసాలు పెట్టి చూపిస్తున్నాడు. ఆ పిల్ల ఆకాశ్ మిశ్రా ఎడమ పక్క నుంచి పైకి వెళ్ళినప్పుడల్లా లేచి నిలబడేది. అభిమానులు లేరనేవాళ్ళు ఆ స్టాండ్‌లో ఒక సాయంత్రం కూర్చుని ఉంటే బాగుండేది.

ఆ సీజన్ కూడా మామూలుది కాదు. ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు, సౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయినా 42 పాయింట్లతో రెండో స్థానం. ముంబయి 46తో, పట్టికలో మొదటి జట్టుకిచ్చే షీల్డ్ కొట్టింది. సెమీస్‌లో మళ్ళీ మోహన్ బగానే, రెండు మ్యాచ్‌లూ 0-0, పెనాల్టీలలో ఓటమి. కప్పు గెలిచిన ఏడాది వచ్చిన 38 పాయింట్ల కంటే ఇది నాలుగు ఎక్కువ. అంటే చాంపియన్ అయ్యాక కూడా జట్టు దిగజారలేదు, మెరుగైంది. ఒక అద్భుత సీజన్‌తో గట్టెక్కిన గాలివాటం జట్టు కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మరి అమ్మకాలతో వచ్చిన డబ్బు, గెలుపుతో వచ్చిన డబ్బు ఏమయ్యాయి? ఇక్కడే అసలు చిక్కు. 2021-22లో ఐఎస్‌ఎల్ చాంపియన్‌కు ఇచ్చిన బహుమతి 6 కోట్లు. ఒక క్లబ్బు జట్టు జీతాల మీద పరిమితి 16.5 కోట్లు ఉండేది. అంటే దేశంలోకెల్లా పెద్ద కప్పు గెలిచినా ఆ డబ్బు జట్టు జీతాల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. దానిపైన ఫ్రాంచైజీ ఫీజు, ప్రయాణాలు, హోటళ్లు, కోచింగ్ సిబ్బంది, అకాడమీ. రికార్డు ధర పలికిన లిస్టన్ తెచ్చింది కోటి. పోర్చుగల్‌లో బెన్ఫికానో, నెదర్లాండ్స్‌లో అయాక్స్‌నో చూసి “కుర్రాళ్లను తయారుచేసి అమ్ముకుని బతకొచ్చు” అంటే కుదరదు. అక్కడ ఒక్క అమ్మకం మొత్తం సీజన్ ఖర్చులు తీరుస్తుంది. ఇక్కడ బదిలీ ఫీజులే నామమాత్రం, సగానికి సగం మంది కాంట్రాక్టు అయిపోయాక పైసా ఇవ్వకుండా వెళ్ళిపోతారు. ఆ ఏళ్లలో కింది లీగులోకి దిగే భయం లేదు కాబట్టి పెట్టుబడి పెట్టాలన్న ఒత్తిడీ లేదు, పైకెళ్తే వచ్చే పెద్ద టీవీ డబ్బూ లేదు. ప్రతి ఏటా యజమాని జేబులోంచి కోట్లు పోయాల్సిందే.

అలాంటి చోట టైటిల్ గెలవడం ఖర్చును తగ్గించదు, పెంచుతుంది. చాంపియన్ జట్టులో లెఫ్ట్ బ్యాక్ నిన్నటి జీతానికి సంతకం పెట్టడు. దేశంలో లెఫ్ట్ బ్యాక్‌లు అరుదు, ఏడుగురు భారతీయుల నిబంధన వచ్చాక ఇంకా ప్రియం. నువ్వు తయారుచేసిన ఆటగాడి ధర నీకే అందనంత పెరుగుతుంది. దీనికి ఒకే దారి ఉంది: ఏడాదికి ఒకరిని అమ్మి, ఆ చోట కొత్త కుర్రాణ్ని నిలబెట్టి, మిగతావాళ్ళకు అన్నమాట ప్రకారం జీతం ఇవ్వడం. మొదటి రెండూ హైదరాబాద్‌కు వచ్చు. మూడోది జరగలేదు. 2022-23లోనే జీతాలు ఆలస్యమవుతున్నాయన్న వార్తలు మొదలయ్యాయి. ఆ సీజన్ అయ్యాక మార్కేజ్ గోవాకు వెళ్ళాడు, మిశ్రా ముంబయికి, నర్జరీ, దానూ బెంగళూరుకు, సివేరియో ఈస్ట్ బెంగాల్‌కు. ఓగ్బెచే కూడా లేడు.

బకాయిల గొడవలతో ఫిఫా, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోవద్దని నిషేధం పెట్టింది. బదిలీల విధానం ఎంత గొప్పదైనా ఆ రోజుతో చచ్చిపోయినట్టే. అమ్మడం ఉంటుంది, కొనడం ఉండదు. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి బెంగళూరుకు, యాసిర్ గోవాకు. విదేశీయుల్లో జావో విక్టర్ తప్ప దాదాపు అందరూ వెళ్ళిపోయారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది రిజర్వు జట్టు కుర్రాళ్లు. టీవీలో జట్టు జాబితా పడితే సగం పేర్లు నాకే కొత్త. ఆ కుర్రాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. జీతం వస్తుందో రాదో తెలియని జట్టులో, చాంపియన్ల జెర్సీ వేసుకుని, వారం వారం ఓడిపోతూ కూడా తొంభై నిమిషాలు పరుగెత్తారు. చెన్నయిన్‌ను వాళ్ళ ఊళ్ళోనే 1-0తో ఓడించింది వాళ్ళే, ఆ సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపు. 2022 కప్పు తర్వాత ఈ క్లబ్బు నాకు ఇచ్చిన అన్నింటికన్నా పెద్ద ఆనందం ఆ ఒక్క రాత్రే.

జీతం ఆలస్యమైతే ఒక సంస్థ ఎలా కూలుతుందో నేను నా ఉద్యోగంలో దగ్గరగా చూశాను. ఒకప్పుడు పనిచేసిన ఒక ఆఫీసులో వరుసగా కొన్ని నెలలు జీతాలు ఆలస్యంగా పడ్డాయి. ముందు ఎవరూ ఏమీ అనరు. ఇంటి లోన్ ఈఎంఐ కట్టే తేదీ దగ్గరికొస్తుంటే టెన్షన్. తర్వాత భోజనాల బల్ల దగ్గర మాటలు తగ్గుతాయి, ఫోన్లు పట్టుకుని బయటికి వెళ్ళి మాట్లాడేవాళ్ళు పెరుగుతారు. ముందుగా వెళ్ళిపోయేది పని బాగా వచ్చినవాళ్ళు, ఎందుకంటే బయట వాళ్ళను తీసుకోవడానికి జనం సిద్ధంగా ఉంటారు. ఎటూ పోలేనివాళ్ళు మిగులుతారు. ఫుట్‌బాల్‌లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆటగాడి సంపాదనకు ఉండే కాలం మహా అయితే పన్నెండేళ్లు. ఏజెంట్ ఫోన్‌లో ముంబయి ఉంటుంది, బెంగళూరు ఉంటుంది. అందుకే “అమ్ముకున్నారు కాబట్టి పోయింది” అన్నమాట నాకు మింగుడు పడదు. లిస్టన్‌ను అమ్మింది క్లబ్బు. 2023 తర్వాత వెళ్ళినవాళ్ళలో చాలామందిని క్లబ్బు అమ్మలేదు, నిలుపుకోలేకపోయింది. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడే అందరూ పొరబడుతున్నారు.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకుంది. సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, మార్కెట్లో అందరూ అయిపోయాక జట్టు కట్టాల్సి వచ్చింది. 18 పాయింట్లతో 12వ స్థానం. ఆ తర్వాత ఢిల్లీ. కొత్త యజమానుల మీద నాకు పెద్ద కోపం లేదు గానీ ఒక్క మాట అడగాలి: ఒక్క సీజన్ చూసి ఒక ఊళ్ళో ఫుట్‌బాల్ బతకదని ఎలా తేల్చేశారు?

ఎందుకంటే ఈ ఊరు భారత ఫుట్‌బాల్‌కు పునాది వేసిన ఊళ్ళలో ఒకటి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టు అన్నేళ్లు ఎలా నిలిచింది అని ఆలోచిస్తే ఆటలోని తెలివి ఒక్కటే కారణం కాదు. ఆ ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. ఒకటో తారీఖున ప్రభుత్వ జీతం, రిటైరయ్యాక పింఛను. కోల్‌కతా క్లబ్బుల పేరు, జనం అప్పుడూ ఉన్నాయి, అయినా చాలామంది ఇక్కడే ఉండిపోవడానికి ఆ ఉద్యోగమే కారణమని నేననుకుంటాను. కోల్‌కతా డబ్బు, అక్కడి ఉద్యోగాలు బలపడ్డాక వలస మొదలైంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. మహమ్మద్ హబీబ్ 1966లో వెళ్ళాడు, తర్వాత తమ్ముడు అక్బర్. మైదానాల్లో మన కుర్రాళ్లు, కప్పుల మీద కోల్‌కతా పేరు. లిస్టన్, ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు నిట్టూర్చింది ఊరికే కాదు.

ఇప్పుడు నగరానికి మిగిలిన పెద్ద క్లబ్బు శ్రీనిధి డెక్కన్. అజీజ్‌నగర్‌లో వాళ్ళకు సొంత మైదానం ఉంది. ఐఎస్‌ఎల్‌కు కింది లీగైన ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచారు. మొదటిసారి పంజాబ్, రెండోసారి మహమ్మడన్ వాళ్ళను దాటుకుని ఐఎస్‌ఎల్‌లోకి వెళ్ళిపోయాయి. పెద్ద హంగు లేకుండా ఏళ్ల తరబడి అదే పద్ధతిలో నడుస్తున్న క్లబ్బు. డెక్కన్ లీజియన్‌లో డప్పు కొట్టిన చేతులు అటు మళ్ళితే నాకు సంతోషం.

హైదరాబాద్ పేరుతో మళ్ళీ ఐఎస్‌ఎల్ జట్టు పెడతామని ఎవరైనా వస్తే, జెర్సీ ఏ రంగు, పోస్టర్ మీద వేసే పెద్ద పేరు (మార్కీ ఆటగాడు) ఎవరు అని నేను అడగను. క్లబ్ లైసెన్సింగ్ నిబంధనల్లో ఆటగాళ్ల బకాయిలు ఉండకూడదని ఇప్పటికే రాసి ఉంది. కానీ దాన్ని దాటేందుకు మినహాయింపులు కూడా ఉన్నాయి. వాటిని తీసేయాలి. ఒక సీజన్ మొత్తం జీతాలకు సరిపడా డబ్బు బ్యాంకు గ్యారంటీగా ముందే పెట్టాలి, రెండు నెలలు ఆలస్యమైతే ఆటగాళ్లకు నేరుగా అందులోంచే చెల్లించాలి. ఆ గ్యారంటీ పెట్టిన యజమాని ఏడాదికి ఒక లిస్టన్‌ను అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ జట్టు మూడో ఏడు టైటిల్ కోసం పోటీ పడుతుందని ఇప్పుడే రాసిస్తాను. గ్యారంటీ పెట్టనివాళ్ళు ఎంత పెద్ద పేరును తెచ్చినా నేను టికెట్ కొనను.